సాత్తూరు దాటిన తరువాత నేనెవరిని?

ఈ సంగతిని నేనే స్వయంగా వ్రాసి పెట్టవలసి రావడానికి కారణం మా అమ్మాయి. ఆమె విరుదునగరంలో ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తుంది. జరిగినది జరిగినట్లు చెప్పడం మాత్రం ఆమెకు చేతకాదు. మొదట నేను బస్సులో కూర్చుని మాట్లాడానని చెప్పింది. మరికొన్నాళ్ళకు నేను లేచి నిలబడ్డాను. మొన్న బంధువుల ఇంట సీమంతంలో, గాజులు తొడిగించుకొంటున్న పిల్ల పొట్ట పట్టుకొని నవ్వుతూ ఉండగా, నేను డ్రైవరు పక్కనున్న ఇంజను మూత మీదికెక్కి ఉపన్యసించినట్లు కూడా చెప్పింది. నేను ఇంజను మూత ఎక్కలేదు. ఉద్యోగమంతా స్టేషను మాస్టరుగా, పచ్చజెండాకు ఎర్రజెండాకు మధ్య నిలబడి గడిపినవాణ్ణి. ఏది ముందో ఏది వెనుకో తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. కనుక వాస్తవాలను వాటి వరుసలో నిలబెట్టి, ఆపైన నవ్వదలచినవారు నవ్వుకోవచ్చునని అనుమతించడం ఈ వ్రాత ఉద్దేశం.

ఆ రోజుల్లో నేను యువకుణ్ణి. (పాఠకులు తొందరపడవద్దు. ఐదారేళ్ళ క్రిందటి మాటే చెబుతున్నాను.) అందరికీ యౌవనం ఉద్యోగానికి ముందు వస్తుంది, నాకు పింఛను తరువాత వచ్చింది. ఇరవై ఏళ్ళ వయస్సులో నేను ఇస్త్రీ చొక్కా, మూతి బిగింపు, పాకెట్లో రెండు కలాలు. పదవీ విరమణ చేసి కోవిల్‌పట్టిలో సొంత ఇంట స్థిరపడిన మొదటి సంవత్సరంలోనే తెల్లటి బూట్లు కొన్నాను, ఉదయం నడక మొదలుపెట్టాను, చెవుల్లో తీగలు పెట్టుకొన్నాను. ఆ తీగలు మా అమ్మాయి కొనిచ్చినవి. "నాన్నా, ఇంట్లో కూర్చుని అమ్మ పప్పు ఎన్ని విజిల్స్‌కు దించిందో లెక్క పెట్టకండి, ఏదైనా వినండి" అని చెప్పి, ఫోనులో ఆడియో పుస్తకాలు ఉండే చోటు చూపించింది. భాష ఎంచుకొమ్మని ఫోను అడిగింది. తమిళం ఉంది, ఆంగ్లం ఉంది. వేలు తనంతట తానే తెలుగు మీదికి పోయింది. ఎందుకు పోయిందో ఆనాడు నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

మా ఇంటి తెలుగు గురించి రెండు మాటలు చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. మా పూర్వులు ఎప్పుడో ఈ నల్లరేగడి నేలకు వచ్చి పత్తి, సజ్జ వేసుకొని బ్రతికారు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. ఇది మా నాయన పెట్టిన నియమం కాదు, ఆయనకు ముందే ఉన్నది, ఆయన కఠినంగా అమలు జరిపాడు. గడప లోపల మాట్లాడే భాష మనవాళ్ళది. బయటివాడు లోపలికి వచ్చినా అతనితో తమిళమే. కాబట్టి మా ఇళ్ళలో ఒక మనిషి మనవాడా, కాదా అన్నది చుట్టరికం ఆరా తీసి తెలుసుకోనక్కరలేదు. ఇంటి ఆడవాళ్ళు అతనిని ఏ భాషలో పలకరించారో వింటే చాలు. అక్షరాల సంగతి వేరు. మా వాళ్ళలో తెలుగు మాట్లాడేవారే కాని చదివేవారు లేరు. నన్ను మాత్రం నాయన పట్టుబట్టి ఒక ముసలి అయ్యవారి దగ్గర కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించాడు. మిగిలినదంతా నేను ఈ వయస్సులో పుస్తకాలు తెప్పించుకొని నేర్చుకొన్నది.

ఉద్యోగంలో చేరి రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టిన తరువాత ఆ తెలుగు కూడా సన్నగిల్లింది. మా ఆవిడ మదురై పట్టణంలో పెరిగింది. వాళ్ళింట్లో తెలుగు తాతలతోనే ఆగిపోయింది. నా తెలుగును ఆమె నా గురకను అర్థం చేసుకొన్నట్లు అర్థం చేసుకొంటుంది; భావం తెలుస్తుంది, బదులు అవసరం లేదు. పిల్లలకు నాలుగు మాటలు వచ్చు. ఇక నాతో నోరారా తెలుగు మాట్లాడే మనిషి భూమి మీద ఒక్కతే మిగిలింది. మా పెద్దక్క. పుదూరు పక్క పల్లెలో కొడుకూ కోడలితో ఉంటూ, వాన రానందుకు ఆకాశాన్నీ వచ్చినందుకు నేలనూ తిడుతూ వ్యవసాయం నడిపించే మనిషి. ప్రతి ఆదివారం ఉదయం నేను ఫోను చేసేవాణ్ణి. "ఏంరా సిన్నోడా, తింటివా?" అని మొదలయ్యేది. స్టేషనులో నా గొంతు వింటే పోర్టర్లు నిటారుగా నిలబడేవారు. ఆ ఫోనులో మాత్రం నేను సిన్నోణ్ణి. ఆ పావుగంట కోసం వారమంతా ఎదురుచూసేవాడినని అప్పట్లో నేను ఒప్పుకొని ఉండను.

నేను ఎంచుకొన్న మొదటి పుస్తకం, మనిషి తనను తాను తెలుసుకొని ఎదగడం గురించి. వ్యక్తిత్వం, ఆత్మపరిశీలన, అంతర్గత స్వరం, ఇలాంటి మాటలు నిండుగా ఉన్నాయి. చదివే ఆమె ఎవరో తెలియదు, హైదరాబాదు వైపు మనిషి అయి ఉండాలి. ఒక్క అక్షరం నలగకుండా, ఒక్క ఒత్తు జారకుండా చదివేది. మొదటి ఉదయం ఆ గొంతు వింటూ పత్తి మిల్లు గోడ పక్కన నడుస్తూ నిలబడిపోయాను. మా భాష కూటికి పిలవడానికి, గొడ్లను అదిలించడానికి, చావు ఇంట ఏడవడానికి పుట్టిందని నేను అనుకొంటూ వచ్చాను. ఈ భాషలో ఇన్ని మాటలు చెప్పవచ్చునా! నాయన దీనిని గడప లోపలే దాచి ఉంచాడే, ఒక్కసారి ఇట్లా వీధిలో నడుస్తూ విని ఉంటే ఏమనేవాడో అనుకొన్నాను. ఆ గొంతు వెంట నేను రోజుకు రెండు పూటలు నడిచాను. బూట్ల అడుగులు అరిగాయి. మా ఆవిడ తమిళంలో పక్కింటావిడతో, "ఎవరో ఆంధ్ర పిల్లతో తిరుగుతున్నారు, దేవుడి దయవల్ల ఆమె చెవి దాటి బయటికి రాదు" అని చెప్పింది.

ఇక్కడ నా వృత్తి సంబంధమైన ఒక అలవాటును వివరించాలి. స్టేషను మాస్టరు పక్క స్టేషను నుండి ఫోనులో మాట అందుకొంటే, దానిని పొల్లుపోకుండా తిరిగి పైకి పలికి, అవతలివాడిచేత సరే అనిపించుకోవాలి. అట్లా పలకనిది విన్నట్లు కాదు. వినని మాట మీద బండి కదలరాదు. ఉద్యోగమంతా చేసిన పని కదా, చెవిలో ఏ గొంతు పడినా నోరు దానంతట అదే తెరుచుకొంటుంది. ఆమె, "ఈ రోజు నన్ను నేను మన్నిస్తున్నాను" అంటే నేను, "ఈ రోజు నన్ను నేను మన్నిస్తున్నాను" అని పైకి పలికి, సరే అన్న మాట కోసం ఆగేవాణ్ణి. ఆమె సరే అనేది కాదు; అది ఒక్కటే ఆమెలో నాకు కనిపించిన లోపం. పళ్ళు తోముకొంటూ మన్నించుకొన్నాను, కూరల బజారులో వంకాయలు ఏరుతూ మన్నించుకొన్నాను. ఇట్లా నెలల తరబడి పలికి పలికి, ఆ పుస్తకపు తెలుగు నా నాలుక మీద స్థిరపడిపోయింది.

ఒక ఆదివారం అక్కకు ఫోను చేశాను. "నమస్కారం అక్కయ్యగారూ! మీ ఆరోగ్యం ఎలా ఉంది? ఈ రోజు మీ మనస్సు ఏ స్థితిలో ఉందో కొంచెం పంచుకోగలరా?" అని అడిగాను. అక్క తమిళంలో, "యారు పేసుఱీంగ?" అంది, ఎవరండీ మాట్లాడేది అని. "నేనేనండీ, మీ తమ్ముణ్ణి" అన్నాను. "సరి. నల్లా ఇరుక్కోం" అంది, బాగున్నామండీ అని. ఫోను పెట్టేసింది. సిగ్నలు సరిగా లేదనుకొన్నాను. మరుసటి ఆదివారమూ అంతే. మూడవసారి సిగ్నలు మీద నింద వేయడం నావల్ల కాలేదు. మా ఇంట అక్కను మీరు అనేవాడు ఎవడూ లేడు. 'అక్కా, నువ్వు' అనాలి. మీరు అన్నవాడు బయటివాడు. బయటివాడితో తమిళం. ఆమె నియమాన్ని పాటించింది, అంతే.

పల్లెకు స్వయంగా వెళ్ళి చూశాను. ఎప్పుడు వెళ్ళినా నేరుగా వంటింట్లోకి పోయి, రోటి పక్కన నేల మీద కూర్చుని, ఆమె చేతి సజ్జ సంగటి తినేవాణ్ణి. ఆనాడు అక్క వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. "వాంగ, ఉక్కారుంగ" అని, రండి, కూర్చోండి అన్నట్లు చేయి చూపించింది. పళ్ళెంలో రెండు అరటిపండ్లు, కాఫీ తెచ్చి పెట్టింది. పోయిన నెలలో పంట నష్టం చూడవచ్చిన అధికారికి కూడా ఇవే పెట్టారని మేనల్లుడు తరువాత చెప్పాడు. ఆయనకు మూడు పండ్లు పెట్టారట. వచ్చేటప్పుడు "ఆత్మీయతకు ధన్యవాదాలు" అన్నాను. అప్పుడైనా మామూలుగా మాట్లాడి ఉండవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. కాని ఆ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది: మీరు ఎదుగుతున్నప్పుడు మీకు దగ్గరివారే మొదట అడ్డుపడతారు, మీరు వెనక్కు తగ్గవద్దు అని. ఆ అధ్యాయం అక్క గురించే వ్రాసినట్లు నాకు తోచింది. వెనక్కు తగ్గడం నా సర్వీసులో లేదు. అట్లా నేను ఎదుగుతూనే ఉన్నాను. ఆదివారాలు మాత్రం ఊరకే గడిచాయి. తొమ్మిది గంటలకు ఫోను చేతిలో పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఆ తమిళం వినవలసి వస్తుందని కొన్నిసార్లు నొక్కకుండానే లేచేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి, "అక్క సిన్నోడా అని పిలవడం లేదా?" అని అడిగింది. ఆమె నోట ఆ ఒక్క తెలుగుమాట స్పష్టంగా పలికింది. నేను వార్తాపత్రిక విప్పుకొన్నాను.

అప్పుడు విరుదునగరంలో బంధువుల పెండ్లి వచ్చింది. అక్కా, మా ఆవిడా, అమ్మాయీ ముందురోజే మండపానికి చేరుకొన్నారు. నేను ఇల్లు తాళం వేసుకొని, కొళాయిలన్నీ కట్టేసి, పొద్దున బయలుదేరాను. బస్సెక్కే ముందు అక్కకు ఫోను చేశాను. పెండ్లి పూట గదా, మనస్సు కరిగి ఉంటుందని ఆశ. "అక్కయ్యగారూ, నేను బయలుదేరుతున్నాను" అన్నాను. వెనుక నాదస్వరం వినిపిస్తోంది, ఎవరో నవ్వుతున్నారు, అక్క ఎవరితోనో "ఆ పూలబుట్ట ఈడ పెట్టండే" అని చక్కగా తెలుగులో అరుస్తోంది. నాతో మాత్రం, "సరి, వాంగ" అంది. అందరికీ ఉన్న తెలుగు నాకు లేదు. నా ఫోనులో ఆమె పేరు తెలుగు అక్షరాలలో 'అక్క' అని వ్రాసుకొని ఉన్నాను. ఆ రెండక్షరాలను చూస్తూ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, టికెట్టును అలవాటుగా మడిచి గడియారం పట్టీ కింద దోపుకొని, దుఃఖం మరచిపోవడానికి చెవుల్లో తీగలు పెట్టుకొన్నాను.

సాత్తూరు వరకు అంతా సవ్యంగానే ఉంది. సాత్తూరు దాటిన తరువాత ఆ గొంతు, "ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అంది. మూసుకొన్నాను. "నేనెవరిని? అని మిమ్మల్ని మీరు అడగండి." నేను గట్టిగా, స్టేషనులో పలికినట్లు, "నేనెవరిని?" అన్నాను. "నా పేరు నేను కాదు. నా ఉద్యోగం నేను కాదు. నా ఊరు నేను కాదు." అవన్నీ వరుసగా పలికాను. కళ్ళు మూసుకొని ఉన్నందువల్ల, చెవులు నిండి ఉన్నందువల్ల బస్సులో ఏమి జరుగుతున్నదో నాకు తెలియదు. ఈ భాగం కండక్టరు మా అమ్మాయికి చెప్పినది, కాబట్టి ఇందులో ఎంత నిజమో నేను పూచీ పడను. నా పక్కనున్నతను లేచి వెనక్కు పోయాడట. ముందు సీటులో దోసకాయల బుట్ట పెట్టుకొన్న ఆవిడ బుట్టను ఒళ్ళోకి తీసుకొన్నదట. అప్పుడు మూడు వరుసల వెనుకనుండి ఒక రైతు, కొత్తిమీర విత్తనాల మూటలు వేసుకొని పోతున్నవాడు, మా జాతివాడే, "ఆయన మాట్లాడేది తెలుగు. మా ఇంట్లో తెలుగు ఇట్లా ఉండదు, అయినా కొంచెం తెలుస్తున్నది" అని తమిళంలో అన్నాడట. "ఏమంటున్నాడు?" అని బస్సంతా అడిగింది. "తానెవరో తనకు తెలియదంటున్నాడు. పేరు లేదంటున్నాడు. ఊరు కూడా లేదంట."

కండక్టరు నా చెవిలోని తీగ లాగాడు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ జనం, అందరి ముఖాల్లో జాలి. ఆ తరువాత జరిగిన సంభాషణ తమిళంలో జరిగింది; తెలుగు చేసి వ్రాస్తున్నాను.

"అయ్యా, భయపడకండి. మీ పేరేమిటి?"

"నేను భయపడటం లేదు. నేను సందేశాన్ని తిరిగి పలుకుతున్నాను."

"ఎవరి సందేశం?"

"ఆమెది."

"ఏ ఆమె?"

"హైదరాబాదు అనుకొంటాను. నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె చెవిలో చెబుతుంది, నేను పైకి పలుకుతాను. అది నియమం."

దోసకాయల ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. "పెద్ద చదువు చదివినవాడిలా ఉన్నాడు, పాపం" అంది. నేను వివరించబోయిన కొద్దీ నా మీద జాలి పెరిగింది. కండక్టరు మర్యాదగానే నా ఫోను తీసుకొని, చిట్టచివర మాట్లాడిన పేరు చూశాడు. ఆ అక్షరాలు అతనికి చదవడం రాలేదు, అయినా నొక్కాడు. అక్క ఎత్తింది. "అమ్మా, ఇక్కడ బస్సులో ఒక పెద్దాయన తానెవరో తెలియదంటున్నాడు" అన్నాడు. అక్క మొదట అడిగినదేమిటంటే, "టికెట్టు మడిచి గడియారం పట్టీ కింద పెట్టుకొన్నాడా?" అని. కండక్టరు వంగి చూసి, "పెట్టుకొన్నాడమ్మా" అన్నాడు. "అయితే మా తమ్ముడే. దించి విడిచిపెట్టకు, వస్తున్నా" అంది.

బస్సు విరుదునగరం బస్టాండులో ఆగేసరికి పెండ్లివారిలో సగంమంది అక్కడ ఉన్నారు. అందరికంటే ముందు అక్క, మెడలో ఎవరో వేసిన పూలదండతో, పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, మదురై బస్సుల నడుమనుండి అడ్డంగా పరుగెత్తుకొని వచ్చింది. నా రెండు చెంపలు పట్టుకొంది. చుట్టూ తమిళ లోకం. కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. ఆ మధ్యలో నిలబడి, జీవితంలో ఎన్నడూ వాకిలి దాటి తెలుగు మాట్లాడని మా అక్క గట్టిగా అడిగింది:

"ఒరే సిన్నోడా! నన్ను సూడు. నేనెవురు? సెప్పు, నేనెవురు?"

'అక్కా' అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. అన్ని వారాల తరువాత చెవిన పడిన ఆ పిలుపునే వింటూ ఉండిపోయాను. అక్క దానిని మరొక విధంగా అర్థం చేసుకొంది.

"అయ్యో, నన్నే మరిసిపొయినాడే!" అని నన్ను లాక్కుపోయి సిమెంటు బల్ల మీద కూలేసి, తాను పక్కన కూర్చుంది. "ఇను. నువ్వు నాకు తమ్ముడు. అమ్మకి కడగొట్టు బిడ్డవి. నువ్వు పుట్టిన ఏడు వాన లేదు, సేనంతా ఎండిపొయ్యె, ఈడొకడే పచ్చంగా ఉండాడని నాయన అంటుండె. మూడేండ్లు నువ్వు నడవలేదురా, నా సంకనే ఉంటివి. దించితే కొరుకుతావు. ఇదో సూడు, ఈ గుర్తు నీ పల్లుదే. తెలిసిందా?"

నేను లేదన్నట్లు తల ఊపాను. అబద్ధం కాదని నన్ను నేను సమాధానపరచుకొన్నాను; ఆ పంటిగుర్తు సంగతి నాకు నిజంగా తెలియదు.

"సంగటి పెడితే మూతి తిప్పుతావు, సల్ల పోస్తే జుర్రుకుంటావు. బడికి పొమ్మంటే గడ్డివామి ఎనక దాక్కుంటివి. పొయ్యి సూస్తే ఆడ కూకోని పాటం సదువుతుండావు! ఎవురన్నా సదివేదానికి దాక్కుంటారా? రైలు కట్ట మింద నిలబడి సెయ్యి సాపుతావు, అది నిలవదు, నువ్వు ఏడుస్తావు. 'ఒకనాటికి నువ్వే నిలబెడతావులే' అని నేను సెప్పితి. ఇప్పుడన్నా తెలిసిందా?"

"ఇంకా కొంచెం చెప్పు" అన్నాను.

మా అమ్మాయి నా ముఖం వంక అనుమానంగా చూసింది. నేను చూపు తిప్పుకొన్నాను. ఎదిగిన మనిషిని, పింఛనుదారుణ్ణి, నా వల్ల ఒక పెండ్లి సగం ఖాళీ అయింది. లేచి, నాకు ఏమీ కాలేదని ప్రకటించడం నా ధర్మం. కాని ఆమె ఆపితే మళ్ళీ 'సరి, వాంగ' మొదలవుతుందన్న భయం. ఆ సిమెంటు బల్ల మీద నేనెవరినో తెలియకుండా సాయంత్రం వరకు కూర్చోగలను అనిపించింది. అక్క చెబుతూ పోయింది. నాకు తట్టు పోసిన సంగతి, నాయన కొట్టబోతే ధాన్యపు గాదె వెనుక దాచిన సంగతి, నా మొదటి జీతానికి ఆమెకు రైలు చూపించిన సంగతి. బస్టాండులో జనం మూగారు. అర్థం కాకపోయినా దోసకాయల ఆవిడ కన్నీరు తుడుచుకొంటోంది. ఆ వరుసలోనే అక్క, "శ్రీవిల్లిపుత్తూరు తేరుకు పోతిమి గదా, నువ్వు తప్పిపోతివి. ఊరంతా ఎతికితే, పాలకోవా అంగడి ముందర మూతినిండా కోవా పూసుకోని ఏడుస్తా నిలబడుంటివి" అంది.

అది నేను కాదు. తప్పిపోయినవాడు మా అన్న, ఇప్పుడు లేడు. నేను ఏ జాతరలోనూ తప్పిపోలేదు. ఏమైనా సహిస్తాను కాని రికార్డు తప్పుగా ఉండటం సహించలేను. నాకు తెలియకుండానే బల్ల మీదినుండి లేచాను.

"నేను కాదక్కా! అన్న తప్పిపోయె! నేను నాయన సెయ్యి ఇడవనే లేదు. కోవా తినింది గూడా వాడే, నాకు ఒక ముక్కన్నా పెట్టలేదు!"

ఆ మాటలు నా నోటినుండే వచ్చాయి. ఒత్తులు లేవు, గారు లేదు, మీరు లేదు. అక్క మెల్లగా లేచి నిలబడి, నన్ను కిందినుండి మీది వరకు చూసింది.

"నీకు అంతా తెలుసు" అంది.

తల వంచుకొన్నాను. ఆమె కొంగు సర్దుకొని, కుచ్చెళ్ళు దులుపుకొని, నోరు తెరిచింది. ఏ భాషలో మూట విప్పుతుందో అని నేను ఊపిరి బిగబట్టాను.

"గాడిద కొడకా!" అంది. "పీట మిందనుంచి నన్ను లేపితివి గదరా! తాళి కట్టేది సూడకుండా పరుగెత్తి వస్తిని! సదువుకున్న నా బట్టా, నీకు ఏం పొయ్యేకాలం?" (ఆ మొదటి తిట్టు మా నాయనకే తగులుతుందని ఆమె గమనించలేదు. నేను ఎత్తి చూపలేదు. జీవితంలో తెలిసి తెలిసి నేను సరిదిద్దకుండా విడిచిన తప్పు అదొక్కటే.) బస్టాండునుండి మండపం వరకు దారి పొడుగునా, నడివీధిలో, ఆమె నన్ను తెలుగులో తిట్టింది. మండపం గడప దాటి లోపలికి పోయిన తరువాతా తిట్టింది. ఆకు వేసి నా పక్కనే కూర్చుని, నా ఆకులో తానే నెయ్యి వేస్తూ తిట్టింది. అంత తృప్తిగా నేను ఏ పెండ్లిలోనూ భోజనం చేయలేదు.

భోజనాలైన తరువాత, ఇంతకీ నన్ను పాడుచేసిన గొంతు ఏదో వినిపించమంది. తీగ ఒకటి ఆమె చెవిలో పెట్టాను. కళ్ళు చిట్లించి చాలాసేపు వింది. "శానా సక్కంగా సెప్తాండాది. ఎవురింటి పిల్లో, బాగుండనీ" అంది. తీగ తీసి నా చేతిలో పెట్టి, "అయితే ఆ పిల్లకి నీ సంగతి ఏం తెలుసురా?" అని, పండు తాంబూలం తీసుకోవడానికి వెళ్ళిపోయింది. అక్క ఆ కోవా తప్పు కావాలనే చెప్పిందని, తమ్ముడి జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో ఆమెకు తెలుసునని మా అమ్మాయి వాదం. నేను ఒకసారి అక్కనే అడిగాను. "ఏ తప్పు? నువ్వే తప్పిపోతివి" అంది.

ఇప్పుడు అక్కకు వినికిడి బాగా తగ్గింది. ఫోనులో మాట అందదు. కొనిచ్చిన చెవి మిషను వక్కాకు పెట్టెలో పడి ఉంది. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితేనే వింటుంది, కాబట్టి నా తెలుగంతా పుదూరు బస్సు మీద ఆధారపడి ఉంది. ఒక ప్రయాణానికీ మరొక ప్రయాణానికీ నడుమ నన్ను సిన్నోడా అనేవారు లేరు. ఆదివారం ఉదయం ఆ వేళకు చెవుల్లో తీగలు పెట్టుకొని ఊరి బయటికి నడుస్తాను. కొత్త పుస్తకాలు వచ్చాయి. గొంతు మాత్రం ఆమెదే, ఇప్పటికీ ఒక్క ఒత్తు జారదు. ఇప్పుడు నేను తిరిగి పలకను. కాని రెండు వైపులా నల్లనేల తప్ప మనిషి లేని చోట, ఆమె మీరెవరని అడిగినప్పుడు మాత్రం, బదులు చెబుతాను. ఏమని చెబుతానో పాఠకులకు తెలుసు. అరవై దాటి తెల్లబూట్లు తొడుక్కొని, తాను ఎదుగుతున్నానని నమ్మి, అక్క ఇంట కుర్చీలో బిగుసుకొని కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలచుకొంటే ఒక్కొక్కసారి నాలో నేనే నవ్వుకొంటాను. అతణ్ణి మరికొంచెంసేపు ఆ సిమెంటు బల్ల మీదే కూర్చోనిచ్చి ఉంటే బాగుండేది.

నేను ఈ భాషను బడిలో చదివినవాణ్ణి కాను. విని, ఆపైన కూడబలుక్కొని నేర్చుకొన్నవాణ్ణి. ఈ వ్రాతలో దోషాలు తప్పక ఉంటాయి. తెలిసిన పాఠకులు దయతో వాటిని దిద్ది నాకు తెలియజేస్తే కృతజ్ఞుణ్ణి. దిద్దుబాటును పొల్లుపోకుండా తిరిగి పలికి నేర్చుకొంటాను. మా అక్క మాటల జోలికి మాత్రం పోవద్దని ప్రార్థన. అవి ఆమె చెప్పినట్లే ఉన్నాయి.